పొందూరు మామ్మ ఫోటో

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

దసరాకు వచ్చినప్పుడు మీరిద్దరూ ముందుగది గోడ మీద ఉన్న పొందూరు మామ్మ ఫోటో దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఫ్లాష్ లేకుండా అంత చీకటిలో ఎలా తీశావని అడిగారు. బస్సుకు వేళయిపోయి సగమే చెప్పాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

అది పెంకుటింట్లో ఒంటి కిటికీ గది. నేను వెళ్లేసరికి మామ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. సన్నటి పళ్ల వరసకు నలుసులన్నీ చిక్కుకుని, దూది పొగలా విడివడి వచ్చేది. ఆ పని ముగించి రాట్నం ముందుకు జరిగింది. నాకు కావలసిన ఫోటో అదే.

నా కెమెరాలో రీలు ఉండదు. 4×5 అంగుళాల విడి ఫిల్ము షీట్లు, వెలుతురు సోకకుండా వాటిని ఉంచే ఒక్కో హోల్డరులో ముందొకటి, వెనకొకటి. ఆ రోజు వేసినది ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్ము. దాని వేగం, అంటే వెలుతురును అందుకునే చురుకు, 400. లెన్సును పూర్తిగా, అంటే ఎఫ్ 5.6 దాకా తెరిచినా వెలుతురు కొలిచే మీటరు అర సెకను కావాలంది. వడికే మనిషి అర సెకను కదలకుండా ఎలా ఉంటుంది? అందుకే ఫిల్ము వేగం 1600 అనుకుని, సెకనులో ఎనిమిదో వంతు మాత్రమే వెలుతురు ఇచ్చాను. కావలసిన దానిలో నాలుగో వంతన్న మాట. ఆ తక్కువను, ఫిల్ము మీద బొమ్మను బయటికి తెచ్చే ద్రావణమైన డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి సర్దుకోవడాన్నే పుష్ చేయడం అంటారు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. పుష్ చేస్తే ఫిల్ము వేగం నిజంగా పెరుగుతుందనుకుంటారు. మన నారుమడిని తలుచుకోండి. విత్తనం పడని చోట ఎంత నీరు పెట్టినా ఏమీ మొలవదు. పలుచగా పడిన చోట కాస్త పుంజుకుంటుంది. దట్టంగా పడిన చోట నారు కిక్కిరిసిపోతుంది. ఫిల్ము మీద వెలుతురే విత్తనం, డెవలపరే నీరు. వెలుతురు బొత్తిగా తగలని వెండి లవణపు రేణువులను ఎంతసేపు డెవలప్ చేసినా బొమ్మ రాదు. అందుకే మామ్మ వెనక గోడ మూల నల్లగా ఉండిపోయింది. అక్కడ కావడి, చేటలు ఉండేవి. వాటిని వదులుకోవడానికి ఇష్టపడే షట్టరు నొక్కాను.

ఎప్పుడు నొక్కానో కూడా చెప్పాలి. మామ్మ కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో దారాన్ని పైకి లాగుతుంది. చెయ్యి పూర్తిగా పైకి వెళ్లాక, దారాన్ని కదురుకు చుట్టేముందు ఒక్క క్షణం ఆగుతుంది. నాలుగైదు సార్లు ఊరికే చూసి, ఆ లయ పట్టుకుని, ఆ ఆగిన క్షణంలో తీశాను. ఫోకస్ కంటి మీద ఉంది. చెవి అప్పుడే మసక. అంత తెరిచిన లెన్సుతో దగ్గర నుంచి తీస్తే అంతే.

ఐడీ-11 డెవలపర్‌ను నీళ్లు కలపకుండా వాడితే ఈ ఫిల్ముకు 20 డిగ్రీల దగ్గర మామూలుగా ఏడున్నర నిమిషాలు. 1600కి 14 నిమిషాలు. మొదటి షీటు అలాగే చేస్తే ముఖం చక్కగా వచ్చింది కానీ, ఒళ్లోని దూది, తెల్ల చీర కలిసిపోయి ఒకే తెల్ల ముద్దయ్యాయి. రెండో షీటుకు 12 నిమిషాలే ఇచ్చాను. దూది పోగులు విడివిడిగా కనిపించాయి. మీరు చూసినది అదే. విడి షీట్లలో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే, పిల్లలూ! రీలు అయితే అన్నిటికీ ఒకే తీర్పు. పైగా నెగటివ్ పెద్దది కాబట్టి, పుష్ చేస్తే పెరిగే గరుకు ప్రింటులో పెద్దగా తెలియదు.

మన ఎండాకాలంలో కుళాయి నీరు 20 డిగ్రీలు ఎక్కడ ఉంటుంది? డెవలపర్ ట్రేను ఐసు నీళ్ల బేసినులో కూర్చోబెట్టండి. ఐసును డెవలపర్‌లో మాత్రం వేయకండి, పలచబడిపోతుంది. డెవలప్ చేసే చీకటి గదిలో ఎర్రబల్బు కూడా వద్దు. ఈ ఫిల్ముకు ఎరుపూ కనిపిస్తుంది.

కదలని వస్తువుకు పుష్ చేయకండి. శ్రీకూర్మం స్తంభాల మండపంలో నేను ఆ తప్పు చేశాను. రాయి ఎక్కడికీ పోదు కదా, స్టాండు వేసి షట్టరు తెరిచి ఉంచితే సరిపోయేది. అయితే మీటరు 10 సెకన్లంటే ఈ ఫిల్ముకు 20 ఇవ్వాలి. వెలుతురు మరీ సన్నగా చాలాసేపు పడితే ఫిల్ము దాన్ని పూర్తిగా అందుకోలేదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పాత చొక్కాలు తెచ్చుకోండి, బొమ్మను చెరిగిపోకుండా నిలిపే ద్రావణం, ఫిక్సర్, దాని మరకలు పోవు. రెండు హోల్డర్లు నింపి ఉంచుతాను. ఈసారి నానమ్మ వంటింట్లో అరిసెలు వత్తుతుండగా మీరే తీయాలి.

మీ తాతయ్య,
శ్రీకాకుళం