టాపిక్ మీ ఒక్కరిదీ కాదు, టపా మాత్రం మీదే: కొన్ని అపోహలు, వాస్తవాలు

"అక్కా, నా ప్రశ్న తీసేయవా ప్లీజ్. మొక్క బాగైపోయింది."

నెలకు మూడు నాలుగు సార్లయినా నాకు ఈ మెసేజ్ వస్తుంది. నిన్న రాత్రి మళ్లీ వచ్చింది కాబట్టే ఇది రాయడానికి కూర్చున్నాను. మిద్దె తోటలు పెంచుకునే తెలుగువాళ్ల ఆన్‌లైన్ బృందం ఒకదానికి తొమ్మిదేళ్లుగా మోడరేటర్‌గా ఉన్నాను. మా సైటులో ఒకవైపు సభ్యుల బ్లాగులు, ఇంకోవైపు చర్చలు ఉంటాయి. బ్లాగులో రాసే ఒక్కో వ్యాసం ఒక టపా. చర్చల్లో ఒక ప్రశ్న, దాని కింది జవాబులు కలిపి ఒక టాపిక్. ఏది ఎక్కడ రాయాలో తెలియకపోవడం వల్ల మనుషులు ఎంత పోగొట్టుకుంటున్నారో చూస్తూనే ఉన్నాను.

అపోహ: ప్రశ్న నేనే పెట్టాను కాబట్టి టాపిక్ నాది. పని అయిపోతే తీసేయవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం దీనివల్లే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

బ్లాగులో టపా రాసేది మీరొక్కరే. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకూ మీదే. కింద వచ్చే వ్యాఖ్యలు మీరు రాసినదాని మీద నలుగురి మాట. టపా తీసేస్తే పోయేది చాలావరకు మీ కష్టమే. టాపిక్ అలా కాదు. అందులో మీరు రాసేది మొదటి రెండు మూడు వాక్యాలే. మిగతాదంతా పనులు మానుకుని కూర్చుని ఇతరులు రాసింది.

ఒకసారి ఒకావిడ అడిగారు: "మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి, ఏం కొట్టాలి?" మొదటి జవాబే ఇంకో ప్రశ్న. ఆకులు పైకి ముడుచుకున్నాయా, కిందికా? పడవలా పైకి ముడుచుకుంటే తామర పురుగు, పడవను బోర్లించినట్టు కిందికి తిరిగితే నల్లి. రెండిటికీ మందు ఒకటి కాదు. ఆవిడ డాబా ఎక్కి, ఫోటో తీసి పెట్టారు. తెల్ల కాగితం మీద కొమ్మను దులిపి చూడమని ఒకరు చెప్పారు. ఇంకొకరు వచ్చి "మోనో కొట్టండి, రెండు రోజుల్లో పోతుంది" అన్నారు. మోనో అంటే మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు, దాన్ని కూరగాయల మీద వాడకూడదని మన దేశంలో నిషేధం ఉందని, ఇంట్లో పిల్లలు తినే మిరపకాయల మీద అది చల్లవద్దని ఒక పెద్దాయన పది నిమిషాల్లో ఆపారు. గుంటూరు వైపు మిరప రైతు ఒకాయన 2021లో నల్ల తామర పురుగు తన తోట మీద పడ్డప్పుడు ఏం జరిగిందో రాశారు. అది ఆకుల్లో కంటే పూలలో ఎక్కువగా చేరుతుందని, పూత రాలడం మొదలైతే ముందు పువ్వు విప్పి చూడాలని వివరంగా చెప్పారు. సాయంత్రానికి ఇరవై మూడు జవాబులు.

రెండు రోజుల తర్వాత టాపిక్ లేదు. సమస్య తీరింది కదా, సైటులో చెత్త ఎందుకని ఆవిడే తీసేశారు. నిజంగా సైటును శుభ్రంగా ఉంచుతున్నానని అనుకున్నారు. వారం తిరక్కుండానే ఇంకొకరు అదే ప్రశ్న వేశారు. ఈసారి గుంటూరు రైతు జవాబు రాయలేదు. నాకు ఫోన్ చేశారు. "మొన్న గంటన్నర కూర్చుని రాశానమ్మా, అది ఏమైంది?" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. ఆయన మళ్లీ మా చర్చల్లో రాయలేదు.

ఆ తర్వాతే మేము సెట్టింగు మార్చాం. ఒక్క జవాబు వచ్చినా చాలు, ప్రశ్న వేసినవాళ్లకు డిలీట్ బటన్ కనిపించదు. ఇది మా ఒక్కరి పట్టుదల కాదు. చాలా చోట్ల వాడే డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ జవాబులు వచ్చిన టాపిక్‌ను పెట్టినవాళ్లు తమంతట తాము తీసేయలేరు. ప్రోగ్రామర్లు ప్రశ్నలు వేసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబుకు ఒక్క అనుకూల ఓటు పడినా ప్రశ్నను అడిగినవాళ్లు తొలగించలేరు. ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఈ కాపలా లేదు. పోస్టు పెట్టినవాళ్లు తీసేస్తే కింద వంద మంది రాసిన కామెంట్లూ దానితోపాటే పోతాయి. అందుకే ఫేస్‌బుక్ గ్రూపులో ఎవరైనా మంచి జవాబు ఇస్తే వెంటనే కాపీ చేసి పెట్టుకోండి.

ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. తీసేయమని అడిగేవాళ్లంతా స్వార్థపరులేం కాదు. ఎక్కువమందిది భయం. "ఇంత చిన్న విషయం తెలియదా అని మా వాళ్లు నవ్వుతారేమో" అని కొందరికి. ఫోటోలో అపార్ట్‌మెంట్ పేరు పడిందని ఇంకొందరికి. నిన్న మెసేజ్ పెట్టిన అమ్మాయికి ఇదే టెన్షన్. ఒంటరిగా ఉంటుంది, బాల్కనీ ఫోటోలో ఎదురుగా ఉన్న బోర్డు స్పష్టంగా కనిపిస్తోంది. అది న్యాయమైన భయం. ఆ ఫోటో తీసేసి, బోర్డు లేని ముక్క మళ్లీ పెట్టాం, పేరు కూడా మార్చాం. పది నిమిషాల పని. ప్రశ్న, జవాబులు ఉన్నచోటే ఉన్నాయి. ఏ బృందంలోనైనా ఇలాంటిదేమైనా ఉంటే మోడరేటర్‌కు ఒక్క మాట చెప్పండి, చేస్తారు. ఇక తెలివితక్కువ ప్రశ్న అంటారా, మీరు అడగడానికి సిగ్గుపడ్డ ప్రశ్న కోసమే ఇంకో పదిమంది అర్ధరాత్రి వెతుకుతుంటారు. నేను రోజూ చూస్తున్నాను.

అపోహ: బ్లాగులో అడిగితే ఎక్కువమంది చూస్తారు, త్వరగా జవాబు వస్తుంది.

రాదు. బ్లాగుకు వచ్చేవాళ్లు చదవడానికి వస్తారు. చర్చలో కొత్త ప్రశ్న పడగానే జాబితాలో పైన కనిపిస్తుంది, ఎవరైనా జవాబు ఇస్తే మళ్లీ పైకి వస్తుంది. బ్లాగు టపా రోజులు గడిచేకొద్దీ కిందికే పోతుంది. పిండినల్లి పట్టిన మందార మొక్క ఫోటోతో బ్లాగులో ప్రశ్న రాసి, పన్నెండు రోజులు ఎదురుచూసి, మొక్కను పీకేసినవాళ్లు ఉన్నారు. అదే చర్చలో పెట్టి ఉంటే వేపనూనె ఎంత కలపాలో అరగంటలో తెలిసేది. ప్రశ్న ఉంటే చర్చలో పెట్టండి. అంతే.

అపోహ: పాత టాపిక్‌లో జవాబు రాస్తే తప్పు.

విషయం అదే అయితే తప్పు కాదు. 2018 నాటి మిరప టాపిక్ కింద నల్ల తామర పురుగు గురించి కొత్తగా ఎవరైనా రాస్తే, వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు రెండూ ఒకేచోట దొరుకుతాయి. విషయం వేరైతే మాత్రం కొత్తది తెరవండి. టమాటా టాపిక్‌లో దానిమ్మ గురించి అడగవద్దు. ఇక బ్లాగులోనైతే మీ పాత టపా మీరే దిద్దండి, ఏ తేదీన దిద్దారో పైన రాయండి.

అపోహ: బ్లాగుల కాలం అయిపోయింది.

ఈ మాట పదేళ్లుగా వింటున్నాను. తెలుగు బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చూపించిన కూడలి సైటును రోజూ చూసుకున్నవాళ్లకు, తెలుగు రాయడానికి వాడిన లేఖిని సైటులో టైపు చేసి అతికించినవాళ్లకు ఆ సందడి ఇప్పుడు లేదన్న బాధ ఉంటుంది, నాకూ ఉంది. కానీ సందడి తగ్గడం వేరు, ఉపయోగం పోవడం వేరు. మా సైటుకు బయటి నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్లలో చాలామంది చేరేది పాత బ్లాగు టపాలకే.

అపోహ: ఎక్కడ రాస్తే ఏముంది, రాసింది ఎక్కడికీ పోదు.

ఇది మొదటి అపోహకు అవతలి వైపు. ఒకప్పటి సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్‌ను 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. ఈమెయిల్ ద్వారా చర్చలు నడిచిన యాహూ గ్రూప్స్‌లో పాత ఉత్తరాలు, ఫైళ్లు తీసేస్తామని 2019 అక్టోబరులో చెప్పారు, 2020 డిసెంబర్ 15న మొత్తం ఆపేశారు. తెలుగు సాహిత్యం మీద ఎన్నో వాదాలు నడిచిన రచ్చబండ కూడా యాహూ గుంపే. బ్లాగు సేవలు కూడా రేపు మూతపడవచ్చు, కాదనను. కానీ బ్లాగర్‌లోనో వర్డ్‌ప్రెస్‌లోనో బ్యాకప్ తీసుకుంటే మీ టపాలన్నీ వరుసగా ఒక ఫైలులో మీ చేతికి వస్తాయి. దాన్ని ఇంకోచోట ఎక్కించుకోవచ్చు. చర్చల్లో మీ జవాబులు మాత్రం డౌన్‌లోడ్ చేసుకుంటే ఏం వస్తుందో నేను కళ్లారా చూశాను.

గోదావరి జిల్లా నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు. ఆరేళ్లపాటు దాదాపు ప్రతిరోజూ ఎవరో ఒకరికి జవాబు రాశారు. మల్లె ఎప్పుడు కత్తిరించాలి, కరివేపాకు కుండీలో ఎందుకు ఎదగదు, కొబ్బరిపీచు ఉప్పు పోయేలా ఎలా కడగాలి, అన్నీ ఆయనే. "మాస్టారూ, ఇవన్నీ మీ బ్లాగులో పెట్టండి" అని చాలాసార్లు అడిగాను. "అడిగినవాళ్లకు చెబుతున్నాను కదమ్మా, అది చాలు" అనేవారు. ఆ మంచితనాన్ని తప్పు పట్టలేను. గట్టిగా పట్టుబట్టి ఉండాల్సిందని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆయన పోయిన మూడు నెలలకు వాళ్లబ్బాయి నాకు రాశారు. నాన్నగారు రాసినవన్నీ పుస్తకంలా చేసి సంవత్సరీకానికి బంధువులకు పంచాలని కోరిక. సంతోషంగా ఒప్పుకున్నాను. ఆయన ఖాతా నుంచి జవాబులన్నీ ఒక ఫైలులోకి తీశాను. ఎనిమిది వందల పైచిలుకు వరుసలు.

ఇద్దరం చదవడం మొదలుపెట్టాం. "అవునండీ, మీరు చెప్పిన రెండోదే మంచిది." ఏది రెండోది? "దానికి రెండు చెంచాలు చాలు." దేనికి? జవాబు పక్కన ప్రశ్న ఉంటేనే అది జవాబు. ఒక్కో వరుస పట్టుకుని టాపిక్ తెరిచి, ప్రశ్న చదివి, ఆయన మాటను అర్థమయ్యేలా పేర్చాలి. ఫోటోలు అప్పట్లో ఉచితంగా దాచుకునే ఒక సైటులో పెట్టారు, ఆ సైటే ఇప్పుడు లేదు. పైగా ఆ రోజుల్లో మా సెట్టింగు ఇంకా మారలేదు. సమస్య తీరాక టాపిక్ మొత్తాన్ని తీసేసినవాళ్లు కొందరు. ఆ జవాబులు ఫైలులోకి రానే లేదు, ఎన్ని పోయాయో లెక్క కూడా లేదు. తన ప్రశ్న ఒక్కటే చెరిపేసి చుక్క పెట్టి వెళ్లినవాళ్లు ఇంకొందరు. అక్కడ మాస్టారి మాట ఒక్కటే గాలిలో వేలాడుతోంది.

ఐదు నెలలు పట్టింది. ముప్పై ఒక్క వ్యాసాలు తయారయ్యాయి. ఇప్పుడవి ఆయన పేరున ఉన్న బ్లాగులో ఉన్నాయి, పుస్తకం కూడా వేశారు. అందుకే చర్చల్లో ఎక్కువగా రాసేవాళ్లను బతిమాలి చెబుతున్నాను. జవాబు అక్కడే ఇవ్వండి, మానవద్దు. ఒకే సంగతి మూడోసారి చెబుతున్నారని అనిపించిన రోజున దాన్ని మొదలు నుంచి చివరిదాకా మీ బ్లాగులో ఒక టపాగా రాయండి. నాలుగోసారి ఎవరైనా అడిగితే దాని లింకు ఇచ్చి, వాళ్ల మొక్కకు ఏది వర్తిస్తుందో రెండు మాటలు కలపండి.

పుస్తకంలో చేర్చలేక పక్కన పెట్టిన వరుసలు వాళ్లబ్బాయి దగ్గర ఇంకా ఉన్నాయి. వాటిలో ఒకదాని గురించి పోయిన వారం కూడా అడిగారు. "ఈసారి నీళ్లు తగ్గించండి, ఆకు వాడితే భయపడకండి, పూత వస్తుంది. వచ్చాక నాకు చెప్పండి." పైన ప్రశ్న లేదు, చుక్క ఉంది. "ఏ మొక్కకో మీకేమైనా గుర్తుందా మేడమ్?" అన్నారు. నిమ్మ కావచ్చు, కాగితం పూల మొక్క కావచ్చు, రెండిటికీ నీళ్లు ఎండగడితే పూత వస్తుంది. ఆయన ఏ మొక్క గురించి రాశారో నాకు గుర్తు లేదు. అడిగినావిడ మా సైటుకు రాక చాలా కాలమైంది.