పాత ఇంటి కంచె మార్చేముందు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని చారిత్రక పరిరక్షణ ప్రాంతాల్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు నా దగ్గరకు ఎక్కువగా తెచ్చే చిక్కు కంచెదే. కిటికీలు, పైకప్పు విషయంలో అందరూ ముందే ఆరా తీస్తారు. కంచె దగ్గరకు వచ్చేసరికి నాలుగు కర్రలే కదా అనుకుంటారు. ఇలాంటి ఇళ్ల మరమ్మతులకు అనుమతి దరఖాస్తులు తయారుచేసే ఆర్కిటెక్టుగా నేను అందరికీ మొదట చెప్పేది ఇదే: అనుమతి గురించి నగరాన్ని అడిగే వరకు పాత కంచెను పీకవద్దు. కొత్త కంచె ఎలా ఉండాలో చెప్పగలిగే మొదటి సాక్షి అదే.

అపోహ: మా ఇల్లు జాతీయ జాబితాలో ఉంది, ఏదీ ముట్టుకోకూడదు.

వాస్తవం: ఆ జాబితా, అంటే చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్, 1966 నాటి సమాఖ్య చట్టంతో వచ్చింది. సమాఖ్య నిధులు, అనుమతుల ప్రమేయం లేకుండా మీ డబ్బుతో మీరు చేసుకునే పనిని అది అడ్డుకోదు. అడ్డుకోగలిగేది మీ నగరం లేదా కౌంటీ చేసిన స్థానిక చట్టం. దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ 1931లోనే ఇలాంటి చట్టం తెచ్చింది. ఇలాంటి ఆంక్షలు ఆస్తి హక్కుకు విరుద్ధం కాదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1978లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ కేసులో కోర్టు న్యూయార్క్ నగర చట్టాన్నే సమర్థించింది. కాబట్టి మీ ఇల్లు జాతీయ జాబితాలో ఉందో, స్థానిక చట్టం హద్దులో ఉందో నగర ప్రణాళికా విభాగాన్ని అడిగి తెలుసుకోండి. కొన్ని ఇళ్లు రెండింటిలోనూ ఉంటాయి.

అపోహ: కంచెకు బిల్డింగ్ పర్మిట్ అక్కర్లేదు, కాబట్టి ఏ అనుమతీ అక్కర్లేదు.

వాస్తవం: చాలా రాష్ట్రాలు అనుసరించే నమూనా నివాస కోడ్ 7 అడుగుల లోపు కంచెకు పర్మిట్ అడగదన్న మాట నిజమే. ఆ స్థానిక చట్టాన్ని అమలుచేసే పరిరక్షణ కమిషన్ ఇచ్చే అనుమతి పత్రం వేరు. కాలనీ సంఘం ఉంటే దాని ఆమోదం కూడా వేరే. ఒకటి వచ్చిందని మిగతావి వచ్చినట్టు కాదు.

అపోహ: పుచ్చిన కంచెను బాగుచేయడం దండగ, కొత్తది వేస్తేనే నాలుగు కాలాలు ఉంటుంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇది. కర్ర కంచె సాధారణంగా అంతా ఒకేసారి పాడవదు. నేలను తాకే చోట గుంజ పుచ్చుతుంది, అడ్డకర్ర గుంజలో దూరే చోట నీరు నిలిచి మెత్తబడుతుంది, నిలువు పలకల అడుగు కొసలు పోతాయి. మిగతాదంతా గట్టిగానే ఉండవచ్చు. పాతకాలపు కంచెల్లో నెమ్మదిగా ఎదిగిన చెట్ల చేవ కర్ర కనిపిస్తుంది. దాని వలయాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఈ రోజు దుకాణంలో దొరికే, త్వరగా పెంచి కోసిన పైన్ దానికి సాటిరాదు. ఆ కర్రను చెత్తబండి ఎక్కించి ఈ కర్రను డబ్బిచ్చి తెచ్చుకోవడం నాకు మింగుడుపడదు.

పునరుద్ధరణకు అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ పెట్టిన పది ప్రమాణాల్లో ఆరోది చెప్పేదీ ఇదే: వీలైతే బాగుచేయాలి. మార్చక తప్పకపోతే కొత్తది రూపంలో, రంగులో, వీలైనంత వరకు పదార్థంలో కూడా పాతదానితో సరిపోవాలి. అనేక నగర కమిషన్లు ఈ ప్రమాణాల ఆధారంగానే నిర్ణయిస్తాయి.

గుంజలు మాత్రమే మార్చి, పాత పలకలను తిరిగి బిగించవచ్చు. కొత్త గుంజ అడుగున కంకర పోయండి. కాంక్రీటు వేస్తే దాని పైభాగం నేలకంటే కాస్త ఎత్తుగా, బయటికి వాలుగా ఉండాలి. గిన్నెలా పోస్తే నీరు లోపలే నిలిచి, కొత్త గుంజ కూడా పుచ్చుతుంది. గుంత తవ్వేముందు 811కు ఫోన్ చేయండి, భూగర్భ గొట్టాలు, తీగలు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. 1978కి ముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు, పిల్లలున్న ఇంట్లో దాన్ని పొడిగా గీకి దుమ్ము లేపవద్దు.

అపోహ: వినైల్ (ప్లాస్టిక్) కంచెకు, కర్ర కంచెకు వీధిలోంచి తేడా తెలియదు.

వాస్తవం: తెలుస్తుంది. పలక మందం, అంచుల పదును, కీళ్లు, మెరుపు అన్నీ వేరు. వీధివైపు దీన్ని చాలా కమిషన్లు ఒప్పుకోవు.

అపోహ: పాత ఇల్లు కదా, నగిషీల ఇనుప కంచె పెడితే ఇంకా అందం.

వాస్తవం: లేని చరిత్రను కల్పించడాన్ని ఆ ప్రమాణాల్లో మూడోది కాదంటుంది. న్యూ ఆర్లీన్స్‌లోని మొక్కజొన్న కంకుల పోత ఇనుప కంచె, చార్లెస్టన్‌లో కమ్మరి ఫిలిప్ సిమన్స్ కొట్టి మలిచిన గేట్లు ఆ ఊళ్లకే అందం. 1920లలో కట్టిన బంగళా తరహా చిన్న ఇళ్లెన్నింటికో ముందువైపు అసలు కంచే ఉండేది కాదు. అంతకుముందు ఊళ్లలో కంచెలు వేసుకున్నది ఎక్కువగా వీధిన తిరిగే పశువులు తోటలో పడకుండా.

మీ ఇంటికి ఏముండేదో వెతకడం నాకు చాలా ఇష్టమైన పని. రాతి గట్టు మీద కోసేసిన ఇనుప మొదళ్లున్నాయా చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో పాత ఇనుము సేకరణకు ఎన్నో కంచెలు వెళ్లిపోయాయి. గేటు స్తంభానికి పాత బందుల రంధ్రాలు ఉండవచ్చు. 1933లో మొదలైన చారిత్రక భవనాల సర్వే ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

అపోహ: ముందువైపు ఆరడుగుల కంచె లేకపోతే ఇంటికి మరుగుండదు.

వాస్తవం: ప్రహరీ గోడలకు అలవాటుపడిన మనవాళ్లు ఇక్కడ ఇబ్బంది పడతారు, నాకు అర్థమవుతుంది. సాధారణంగా ముందు మూడు నాలుగు అడుగులు, వెనక ఆరడుగులు ఒప్పుకుంటారు. ఎత్తు కంచెను ఇంటి ముందుగోడకు కాస్త వెనక నుంచి మొదలుపెడితే అనుమతి తేలికవుతుంది. ముందు మరుగు కావాలంటే పొదలు నాటండి.

అపోహ: పన్ను రాయితీతో ఖర్చు తిరిగొస్తుంది.

వాస్తవం: 20 శాతం సమాఖ్య రాయితీ ఆదాయం తెచ్చే భవనాలకే. వాటికి కూడా కంచె ఖర్చు లెక్కలోకి రాదు.

అపోహ: కమిషన్ దగ్గరకు వెళితే నెలలు పడుతుంది.

వాస్తవం: పాతదాని స్థానంలో అచ్చం అలాంటిదే పెట్టే పనికి చాలా నగరాల్లో విచారణ ఉండదు, సిబ్బందే అనుమతి ఇస్తారు. కావలసింది అన్ని వైపుల ఫోటోలు, పలక వెడల్పు, మధ్య సందు, ఎత్తు, గుంజల మధ్య దూరం, స్థలం పటం. ఇవన్నీ కంచె నిలబడి ఉన్నప్పుడే తీసుకోగలరు. ఇప్పటికే పీకేసి ఉంటే పని ఆపి, మిగిలిన ముక్కలను గ్యారేజీలో పెట్టండి. గూగుల్ వీధి చిత్రాల్లో పాత సంవత్సరాలు తిరగేసి, దొరికిన చిత్రంతో సిబ్బందికి మీరే ఫోన్ చేయండి.