మేక గుండెకాయలో నాలుగు కవాటాలు

తిరుపతి

చిరంజీవులకు ఆశీస్సులు.

సైన్సు నోటుబుక్కులో మీరు వేసిన గుండె బొమ్మలు అమ్మ ఫోన్లో చూపించింది. కుడి పక్క నీలం, ఎడమ పక్క ఎరుపు, పేర్లన్నీ సరిగ్గానే రాశారు. అయితే గుండెలో ఏ గోడ ఎంత మందమో, కవాటం ఎంత పల్చనో బొమ్మలో తెలీదు. తోసే బలం కండది. ఆ తోసిన రక్తం వెనక్కి రాకుండా ఆపే పని మాత్రం పల్చటి పొరల్లాంటి నాలుగు కవాటాలదే. పుట్టుకతో వచ్చే లోపాలు పక్కన పెడితే, మీ ఈడు పిల్లల గుండెకు పెద్ద దెబ్బ తగిలేదీ వాటి దగ్గరే. అందుకే వాటిని మీరు కళ్ళారా చూడాలి.

ఆదివారం నాన్నతో మటన్ అంగడికి పోయి ఒక మేక గుండెకాయ అడగండి. "గాట్లు పెట్టొద్దన్నా, పైన గొట్టాలు రెండు వేళ్ళ పొడవు వదిలిపెట్టు" అని ముందే చెప్పాలి. చెప్పకపోతే గొట్టాలు మొదలంటా కోసేస్తారు, పై కవాటాలు రెండూ వాటితోపాటే పోతాయి. మేకకూ మనకు మాదిరే నాలుగు గదులు, నాలుగు కవాటాలు. పెద్దవాళ్ళ గుండె 250 నుంచి 350 గ్రాములు తూగుతుంది. మీ గుండె సుమారు మీ పిడికిలంత.

దాన్ని పళ్ళెంలో పెట్టి రెండు పక్కలా బొటనవేలితో నొక్కండి. మెత్తగా లోపలికి పోయేది కుడి జఠరిక (కింది గది), గట్టిగా ఎదురు నిలిచేది ఎడమ జఠరిక. మనిషిలో కుడి గోడ మందం 3 నుంచి 5 మిల్లీమీటర్లు, ఎడమది దాదాపు 10. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు తోస్తే చాలు కాబట్టి దాని ఒత్తిడి బీపీ లెక్కలో 25 దాటనక్కరలేదు. ఎడమది తలకాయ నుంచి కాలివేళ్ళ దాకా తోయాలి, దానికి 120 కావాలి. బీపీ మిషన్లో పైన కనిపించే అంకె అదే. గోడ మందం కాబట్టి ఎడమది ఎక్కువ రక్తం తోస్తుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. పెద్దవాళ్ళలో రెండూ దెబ్బకు 70 మిల్లీలీటర్ల చొప్పున సమంగానే తోస్తాయి. కుడిది దెబ్బకు ఒక్క మిల్లీలీటరు ఎక్కువ తోసిందనుకోండి, నిమిషానికి 70 దెబ్బల లెక్కన గంట తిరిగేసరికి నాలుగు లీటర్లకు పైగా ఊపిరితిత్తుల్లో నిలిచిపోవాలి. మనిషి ఒంట్లో ఉండేదే ఐదు లీటర్లు!

ఇప్పుడు పైనున్న గొట్టాల్లో గోడ మందంగా, తెల్లగా ఉన్నదాన్ని వెతకండి. అది బృహద్ధమని, ఎడమ జఠరిక నుంచి ఒళ్ళంతటికీ రక్తం తీసుకుపోయే గొట్టం. గుండెను నిలబెట్టి పట్టుకుని, అందులో గ్లాసుతో మెల్లగా నీళ్ళు పోయండి. నీళ్ళు గొట్టంలోనే నిలబడతాయి. లోపలికి తొంగిచూస్తే మూడు చిన్న సంచులు ఉబ్బి, అంచులు కలుపుకుని దారి మూసేసి ఉంటాయి. ఆ కవాటాన్ని ఏ కండా లాగి మూయలేదు, వెనక్కి వచ్చే నీళ్ళ బరువే మూసింది. మీ గుండెలోనూ రక్తమే దాన్ని మూస్తుంది. నీటిమట్టం కొంచెం కొంచెంగా దిగిపోతుంటే కంగారు పడొద్దు, దానికి వేరే కారణముంది. నీళ్ళు వంపేసి ఆ సంచుల వెనకాల చూడండి, చీపురుపుల్ల దూరేటంత రంధ్రాలు రెండు కనిపిస్తాయి. గుండె కండకు రక్తం తీసుకుపోయే హృదయ ధమనులు మొదలయ్యేది అక్కడే. గుండె తన గదుల నిండా రక్తం ఉన్నా అందులోంచి నేరుగా తీసుకోలేదు, దాని వాటా ఈ రెండు దారుల్లోనే రావాలి.

ఎడమ జఠరిక బిగుసుకున్నప్పుడు దాని కండలో ఉన్న రక్తనాళాలూ నలిగిపోతాయి. అందువల్ల దానికి రక్తం ఎక్కువగా అందేది అది వదులైనప్పుడే. ఒక దెబ్బకు పట్టేది 0.8 సెకను, అందులో జఠరిక బిగిసేది 0.3, వదులయ్యేది 0.5. నాడి వేగం పెరిగే కొద్దీ ముందుగా తరిగిపోయేది ఆ వదులు సమయమే. హృదయ ధమనులు సన్నబడిన పెద్దవాళ్ళకు అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేటప్పుడు ఎదలో బిగబట్టి, కూర్చుంటే తగ్గడానికి కారణం ఇది. కూర్చున్నా తగ్గకుండా చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే గ్యాస్ అని సోడా తాగించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

తర్వాత పెద్దవాళ్ళ చేత ఎడమ పక్కన పైనుంచి కొస దాకా నిలువునా కోయించండి. కర్ణికకూ (పై గదికీ) జఠరికకూ నడుమ రెండు రెక్కల కవాటం ఉంటుంది, డాక్టర్లు మిట్రల్ అంటారు. రెక్కల అంచుల నుంచి తెల్లటి దారాలు కిందున్న కండ మొనలకు దిగి ఉంటాయి. ఒక దారాన్ని వేలితో లాగి చూడండి, సన్నగా ఉన్నా అంత సులభంగా తెగదు. జఠరిక బిగిసినప్పుడు రెక్కలు గాలివానలో గొడుగులా తిరగబడకుండా పట్టి ఉంచేవి అవే. చెల్లెలి ఎడమ ఎదమీద చెవి ఆనిస్తే వినిపించే "లబ్" ఈ కవాటమూ కుడివైపు దాని జోడీ మూసుకున్న చప్పుడు. "డబ్" ఇందాక నీళ్ళు పోసి చూసిన కవాటానిదీ, ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమని దగ్గర దానిలాంటి ఇంకొకదానిదీ.

దెబ్బ మొదలయ్యేది కుడి కర్ణిక పైభాగంలోని చిన్న కణుపులో. దానికి మెదడు ఆజ్ఞ అక్కరలేదు, మెదడు నరాలు వేగం పెంచుతాయి, తగ్గిస్తాయి, అంతే. మన ఊళ్ళో 2021 అక్టోబరులో మొదలైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో గుండె మార్పిడులూ చేస్తున్నారు. నరాలన్నీ తెగిన ఆ గుండె కొత్త ఎదలో తనంతట తానే కొట్టుకుంటుంది.

ఇక అసలు సంగతి. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి వస్తుంది. జ్వరం, మింగితే నొప్పి, మెడ గడ్డలు నొప్పిగా ఉండడం, దగ్గూ జలుబూ లేకపోవడం దాని గుర్తులు. గొంతు దానంతటదే మానుతుంది, అందుకే ఇళ్ళల్లో పట్టించుకోరు. కొందరిలో రెండు మూడు వారాల తర్వాత ఆ సూక్ష్మజీవి మీద పోరాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి కవాటాల మీద పడుతుంది. అప్పుడు మోకాలు వాచి, అది తగ్గి చీలమండ వాచి, కీలు మార్చి కీలు నొప్పి పుడుతుంది. కొందరికి చేతులు వాటంతటవే కదిలి, చేతిరాత చెడిపోతుంది. దీన్ని రుమాటిక్ ఫీవర్ అంటారు. కీళ్ళు బాగవుతాయి, కవాటం మాత్రం మచ్చగట్టి, ఏళ్ళ మీద రెక్కలు అతుక్కుపోవచ్చు. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లుండే మిట్రల్ దారి 1.5 కన్నా చిన్నదైతే రక్తం ఊపిరితిత్తుల వైపు ఎగదన్ని, మెట్లెక్కితే ఆయాసం మొదలవుతుంది.

గొంతునొప్పి వచ్చిన తొమ్మిది రోజుల లోపల పెన్సిలిన్ మొదలుపెడితే ఇదంతా ఆగుతుంది. మాత్రలైతే పూర్తిగా పది రోజులు వేసుకోవాలి. మూడో రోజుకే గొంతు బాగైందని మానేస్తే సూక్ష్మజీవి మిగిలిపోతుంది. ఒకసారి రుమాటిక్ ఫీవర్ వచ్చిన బిడ్డకు మళ్ళీ మళ్ళీ వచ్చే భయం ఎక్కువ. అందుకని మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది, డాక్టరు చెప్పినన్నేళ్ళూ వేయించాలి. తుంటి నొప్పి పుడుతుంది, నిజమే. ఆ నొప్పికి భయపడి తిరునాళ్ళనో పరీక్షలనో ఒక సూది దాటేస్తే, ఆ సందులోనే జబ్బు తిరగబెట్టగలదు. మీ క్లాసులో అలాంటి స్నేహితులుంటే వాళ్ళ సూది తేదీ మీరూ గుర్తుపెట్టుకుని చెప్పండి. వాళ్ళు పన్ను పీకించుకోవాల్సి వస్తే, గుండె కవాటం సంగతి పళ్ళ డాక్టరుకు ముందే చెప్పమనండి. చిగుళ్ళలోంచి రక్తంలో కలిసిన సూక్ష్మజీవులు మచ్చగట్టిన కవాటం మీద సులభంగా తిష్ఠవేస్తాయి.

మీ అవ్వ