చిన్న మాటలే ఆచూకీ చెబుతాయి

1804 జులైలో అలెగ్జాండర్ హామిల్టన్ ద్వంద్వ యుద్ధంలో తూటా తగిలి చనిపోయాడు. పోతూ పోతూ అమెరికా చరిత్రకారులకు ఒక తగాదా మిగిల్చాడు. 1787–88లో కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకోమని న్యూయార్క్ ప్రజలకు నచ్చజెబుతూ హామిల్టన్, జేమ్స్ మాడిసన్, జాన్ జే కలిసి ‘పబ్లియస్’ అనే ఒకే మారుపేరుతో 85 వ్యాసాలు రాశారు. వాటిలో 12 హామిల్టన్‌వని ఆయన వదిలివెళ్లిన జాబితా అంటుంది, కాదు నావేనని మాడిసన్ తర్వాత చెప్పుకున్నాడు. ఒకరు దేశానికి తొలి ఆర్థికమంత్రి, ఇంకొకరు ఆ తర్వాత అధ్యక్షుడు. ఎవరిని అబద్ధాలకోరు అంటాం?

శైలిని బట్టి తేలుద్దామంటే, ఇద్దరిదీ ఆ కాలపు చదువరుల గంభీరమైన ఇంగ్లిషే. 1941లో గణాంక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్టెల్లర్ తన సహచరుడితో కలిసి ఇద్దరి వాక్యాల పొడవు లెక్కగట్టాడు. హామిల్టన్ సగటు 34.55 మాటలు, మాడిసన్ సగటు 34.59! అంత శ్రమా బూడిదలో పోసిన పన్నీరైంది.

ఆయన మళ్లీ ఆ జోలికి వెళ్లడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. ఈసారి మరో గణాంక శాస్త్రవేత్త డేవిడ్ వాలెస్ తోడయ్యాడు, కంప్యూటర్ కూడా ఉంది. రాజ్యాంగం, స్వేచ్ఛ, యుద్ధం లాంటి బరువైన మాటలను పక్కన పెట్టేశారు. అవి విషయాన్ని బట్టి వస్తాయి కానీ మనిషిని బట్టి రావు. యుద్ధం గురించి రాస్తే ఎవరైనా ‘యుద్ధం’ అనే రాస్తారు. వాళ్లు లెక్కపెట్టినవి ఎవరి కంటికీ ఆనని చిన్న మాటలు. హామిల్టన్ ‘అపాన్’ అనే మాటను వెయ్యి మాటలకు మూడుసార్లకు పైగా వాడాడు. మాడిసన్ దాన్ని నాలుగైదు వేల మాటలకు ఒక్కసారి వాడితే గొప్ప, ఆయన చేతికి అలవాటైంది అదే అర్థమిచ్చే ‘ఆన్’. అలాగే హామిల్టన్ ‘వైల్’ అంటే మాడిసన్ ‘వైల్‌స్ట్’ అన్నాడు. ఇలాంటి మాటలు పదుల సంఖ్యలో తీసుకుని సంభావ్యత లెక్క వేశారు. 1964లో పుస్తకంగా వచ్చిన ఫలితం ప్రకారం తగాదాలో ఉన్న 12 వ్యాసాలూ మాడిసన్‌వే.

ఒకే భాష మాట్లాడే ఇద్దరి మధ్య ఇంత తేడా ఎందుకు? ఏ ఇద్దరూ భాషను ఒకే చోట, ఒకే మనుషుల దగ్గర నేర్చుకోరు కాబట్టి. అమ్మ, బడి, స్నేహితులు, చదివిన పుస్తకాలు, చేసిన ఉద్యోగం – చెవిన పడ్డ మాటల వాటా ఒక్కొక్కరికీ వేరు. పలికిన కొద్దీ అవే దారులు గట్టిపడతాయి. ఒక మనిషికి మాత్రమే చెందిన ఈ వాడుకను భాషాశాస్త్రంలో వ్యక్తి మాండలికం అంటారు. పెద్ద మాటను ఆలోచించి ఎంచుకుంటాం, చిన్న మాట మాత్రం మనం చూడకుండానే వచ్చేస్తుంది. అందుకే దాన్ని దాచుకోవడం కష్టం.

దీన్ని వేలిముద్రతో పోల్చడం మాత్రం నాకు నచ్చదు. వేలిముద్ర ఆఫీసులో ఒకలా, ఇంట్లో ఒకలా ఉండదు. మాట ఉంటుంది. నాలుగు వాక్యాల ఆకాశరామన్న ఉత్తరం చూసి ‘వీడే రాశాడు’ అని తేల్చేవాళ్లను నమ్మకూడదు. ఈ విద్యకు అసలు బలం ‘ఇది ఇతని మాటలా లేదు’ అని చూపించడంలో ఉంది.

ఇంగ్లండ్‌లో డెరెక్ బెంట్లీ కేసు అలాంటిదే. 1952 నవంబరులో క్రొయిడన్‌లో ఒక పోలీసు హత్యకు గురయ్యాడు. కాల్చింది 16 ఏళ్ల క్రిస్టఫర్ క్రెయిగ్. కానీ ఉరికి వయసు చాలదని అతన్ని జైల్లో పెట్టి, పక్కనున్న 19 ఏళ్ల బెంట్లీని 1953 జనవరి 28న ఉరి తీశారు. బెంట్లీ తన వాంగ్మూలాన్ని తనంతట తాను చెబుతూ పోయాడని, తాము రాసుకున్నామే తప్ప ప్రశ్నలు వేయలేదని పోలీసులు కోర్టులో చెప్పారు. చాలా ఏళ్ల తర్వాత భాషాశాస్త్రవేత్త మాల్కం కూల్ట్‌హార్డ్ ఆ 582 మాటల వాంగ్మూలాన్ని పరిశీలించాడు. అందులో ‘ఐ దెన్’ అనే వరస మూడుసార్లు వచ్చింది. మామూలు జనం ‘దెన్ ఐ’ అంటారు. ఆయన పోల్చి చూసిన సంభాషణల సేకరణలో ‘ఐ దెన్’ సుమారు 1,65,000 మాటలకు ఒకసారి కనబడింది. పోలీసుల వాంగ్మూలాల్లో మాత్రం 119 మాటలకు ఒకసారి! కుర్రాడి పేరు కింద పోలీసు స్టేషన్ భాష వినిపిస్తోందన్నమాట. 1998లో అప్పీలు కోర్టు బెంట్లీ దోషి అన్న తీర్పును రద్దు చేసింది. దానికి ముఖ్య కారణం జడ్జి జ్యూరీకి చెప్పిన తీరు పక్షపాతంగా ఉండటమే, భాషా విశ్లేషణ కాదు. అయినా ఆ విశ్లేషణ చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

మరి తెలుగులో? ఇక్కడ చిక్కు వేరు. ఇంగ్లిషులో చిన్న మాటలు విడిగా నిలబడతాయి, ఖాళీని బట్టి లెక్కపెట్టవచ్చు. మనకు ఆ పనిలో చాలా భాగం ప్రత్యయాలదీ సంధిదీ. ‘వస్తాడనిగానీ’లో ‘అని’, ‘గానీ’ రెండూ లోపల దాక్కున్నాయి. ముందు విడగొడితే తప్ప కంప్యూటరుకు దొరకవు. దొరికాక మాత్రం పండగే. ఒకరు ‘కాబట్టి’ అంటారు, ఒకరు ‘కనుక’, ఇంకొకరు ‘అందుకని’. ‘మీద’ అనేవాళ్లు, ‘పైన’ అనేవాళ్లు ఉన్నారు. ప్రతి వాక్యం చివరా ‘అన్నమాట’ తగిలించేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వీటిలో ఏది ప్రాంతానిది, ఏది మనిషిది అని వేరుచేయాలంటే అదే ఊరి వాళ్ల రాతలు చాలా కావాలి.

ఇంకో గని వాట్సాప్‌లో ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైప్ చేయడానికి అందరూ పాటించే స్పెల్లింగ్ అంటూ లేదు. ‘త’కి ఒకరు ‘టీ’ ఒక్కటే కొడితే ఇంకొకరు పక్కన ‘హెచ్’ కూడా చేరుస్తారు. దీర్ఘానికి కొందరు అచ్చును రెండుసార్లు కొడతారు, కొందరు అసలు పట్టించుకోరు. ఇవి బడిలో ఎవరూ నేర్పినవి కావు కాబట్టి ఎవరి పద్ధతి వాళ్లదే. అన్నదమ్ములిద్దరిలోనైనా అది కలవాలని లేదు.