గాలం సంగతి చెబుతా, విను

అమలాపురం

చంటీ,

వీడియో గేమ్ పోటీకి వైరున్న పాతకాలం మోడల్ కంట్రోలర్ (చేత్తో పట్టుకుని బటన్లు నొక్కేది) కొనాలా, వైరు లేనిదా అని అడిగావు. నీ వెనక నిలబడి చదివే మీ బ్యాచ్‌కి కూడా ఇదే జవాబు. ఆటలు నాకు తెలియవురా. గాలం తెలుసు.

మా చిన్నప్పుడు వేసవిలో ధవళేశ్వరం నుంచి నీళ్లు ఆపేసి కాలువలు కట్టేసేవారు. లాకు దిగువ గుంటల్లో చేపలు కిటకిటలాడేవి. వెదురు కర్ర, దారం, జీలుగు బెండు, వానపాము. దారం బిగువుగా ఉంటే చేప ముట్టుకున్న సంగతి వేలికి తెలిసేది. వదులుగా ఉంటే మనం లాగిన లాగుడంతా ఆ వదులుకే సరి, ఈలోపు ఎర మాయం. మా అన్నయ్య గొప్పకి బారెడు దారం ఎక్కువ కట్టి, చేప పడకపోతే గాలాన్ని తిట్టేవాడు. ఆ రాత్రి మాకు పప్పే. ఓడినప్పుడు నువ్వు కూడా కంట్రోలర్‌ని తిట్టకు.

వైరంటే బిగువైన దారం. తెర సెకనుకి 60 సార్లు మారే ఆటలో ఒక్కో బొమ్మ ఉండేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. నువ్వు నొక్కావా అని కంప్యూటరు కంట్రోలర్‌ని సెకనుకి 125 సార్లు అడిగితే, రెండు అడగడాల మధ్య 8 మిల్లీసెకన్లు. 1000 సార్లు అడిగితే ఒక్కటే. కొనేముందు డబ్బా మీద ఆ అంకె చూడు. ఇప్పుడు వైర్‌లెస్‌లోనూ మంచివి ఉన్నాయి. కానీ ఆట మధ్యలో ఛార్జింగ్ అయిపోతే? ఎవరి కంట్రోలరో వేరే వాళ్ల మెషీన్‌కి కనెక్టయి ఉండి, నొక్కగానే వాళ్ల ఆట ఆగిపోతే? అదో టెన్షన్.

ఇక చేపలతో చెప్పలేనిది ఒకటుంది, ఆ ప్లస్ గుర్తు బటన్. 1982లో జపాన్ ఆటల కంపెనీ నింటెండోలో పనిచేసే గున్‌పే యొకోయి దాన్ని వాళ్ల చేతి ఆటలో పెట్టాడు, మరుసటి ఏడాది టీవీకి తగిలించి ఆడే వాళ్ల ఫామికామ్ మెషీన్‌కీ వచ్చింది. అంత చిన్న ప్లాస్టిక్ ముక్క బొటనవేలికి నాలుగు దిక్కులూ చూడకుండానే చెబుతుంది! నాకైతే ఇప్పటికీ వింతే. పాత రూపం చూసి మోసపోకు, లోపలి రబ్బరు నాసిదైతే కుడి నొక్కితే పైకి కూడా పడుతుంది. కుడి నొక్కిపట్టి, వేలు కాస్త అటూ ఇటూ దొర్లించి తెర మీద చూడు. అనవసరంగా ఏటవాలు దిక్కు పడితే తిరిగి ఇచ్చేయ్. అసలు పాత మెషీన్ల సాకెట్ వేరు, యూఎస్‌బీ తీగ అందులో పట్టదు. వైరు పొడవు కూడా కొలుచుకో, కుర్చీ దాకా రావాలి కదా.

దారం వదులు టీవీలో కూడా ఉంటుంది. కొత్త టీవీలు బొమ్మకి మెరుగులు దిద్దుతూ ఆలస్యం చేస్తాయి. ముందు మీ టీవీ సెట్టింగ్స్‌లో ఆ ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ ఉందేమో చూసి, ఆన్ చేసి ఒక ఆట ఆడు. తేడా తెలిసిందో లేదో నాకు రాయి. కంట్రోలర్ డబ్బుల సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.

మీ తాతయ్య