ఎదనొప్పి: కర్నూలు వార్డులో వినే అపోహలు, పరిశోధనలు తేల్చిన వాస్తవాలు

కర్నూలులో ఎదనొప్పితో అత్యవసర విభాగానికి వచ్చేవారికి వైద్యం చేస్తూ, ఆ నొప్పి నిర్ధారణ మీద, చికిత్స మీద జరిగే క్లినికల్ పరిశోధనల్లోనూ పనిచేస్తున్నాను. రోగులు, వారి బంధువులు నమ్మే తప్పుడు మాటల్లో కొన్నింటిని ఒకప్పుడు వైద్యులు కూడా నమ్మారు. అవి తప్పని తేలింది ఏ పెద్ద డాక్టరు అనుభవంతోనో కాదు, వేలమంది రోగులు ఒప్పుకొని పాల్గొన్న అధ్యయనాలతో. అందువల్ల ఏది తప్పో చెప్పి వదిలేయకుండా, అది తప్పని ఎలా తేలిందో కూడా ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సోడా తాగితే తగ్గింది కాబట్టి అది గ్యాస్ నొప్పి, నాలుక కింద మాత్రకు తగ్గింది కాబట్టి అది గుండె నొప్పి.

మా వైపు ఎదలో పట్టేసినట్టుంటే ముందుగా వినిపించే మాట గ్యాస్. పొద్దున తిన్న ఉగ్గాని బజ్జీ వల్లనో, రాత్రి తిన్న కారం వల్లనో అనుకొని, సోడా తాగి, ఒక త్రేన్పు రాగానే తగ్గిందని పడుకుంటారు. ఎదనొప్పితో వచ్చేవారిలో ఎక్కువమందికి కారణం గుండె కాదన్నది నిజమే. అయితే నొప్పి తగ్గడం, జబ్బు ఏమిటో తెలియడం రెండూ ఒకటి కావు. గుండె రక్తనాళంలో గడ్డ కొంత కరిగి మళ్లీ పేరుకుంటున్నప్పుడు నొప్పి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. తగ్గిన ఆ కాసేపట్లో ఏది మింగి ఉంటే దానివల్లే తగ్గిందనుకుంటారు. నాలుక కింద పెట్టే నైట్రోగ్లిజరిన్ విషయాన్ని 459 మందిలో పరిశీలించి 2003లో ప్రచురించారు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారిలో 35 శాతం మందికి, లేనివారిలో 41 శాతం మందికి దానితో నొప్పి తగ్గింది. మేము చదువుకున్న రోజుల్లో నమ్మకంగా నేర్చుకున్న ఒక గుర్తు దీనితో పనికిరాకుండా పోయింది.

అపోహ: ఈసీజీ నార్మల్ వచ్చింది, ఇక ఇంటికి వెళ్లవచ్చు.

ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక పత్తి రైతు, ఊరి దగ్గర తీయించుకున్న ఈసీజీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో తెచ్చుకున్నారు. అందులో తేడా లేదు. మేము వెంటనే తీసిన దానిలోనూ లేదు. నార్మలే కదా, బస్సుకు వేళవుతోందని ఆయన తమ్ముడు తొందరపడుతున్నాడు. రైతు నుదుటి చెమట మాత్రం ఫ్యాను కింద కూర్చున్నా ఆరలేదు. ఇరవై నిమిషాలకు మళ్లీ తీసినప్పుడు వి2, వి3 లీడ్లలో ఎస్‌టీ భాగం, గుండెపోటుకు గుర్తుగా, స్పష్టంగా పైకి లేచి కనిపించింది.

ఈసీజీ ఆ కొన్ని సెకన్లలో గుండె విద్యుత్తు ఎలా ఉందో మాత్రమే చూపుతుంది. అందుకే ఆసుపత్రికి వచ్చిన పది నిమిషాల్లోపు ఒకటి తీయాలని, అనుమానం తీరకపోతే మళ్లీ మళ్లీ తీయాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రోపోనిన్ రక్తపరీక్షకూ ఇదే వర్తిస్తుంది. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు ఆ ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది. పాత పరీక్షల్లో అది కనబడడానికి కొన్ని గంటలు పట్టేది. ఇప్పటి హై సెన్సిటివిటీ పరీక్షల్లో రాగానే ఒకసారి, ఒకటి నుంచి మూడు గంటల తర్వాత మరోసారి రక్తం తీసి, రెండింటి మధ్య మార్పును చూస్తారు. ‘ఒకసారి తీశారు కదా, మళ్లీ ఎందుకు, బిల్లు పెంచడానికా’ అని అడిగేవారికి నేను చెప్పేది ఒకటే: రెండో నమూనా లేకపోతే చాలామంది విషయంలో మొదటిదానితో ఏదీ తేల్చలేము.

ఆడవారికి, షుగరు ఉన్నవారికి గుండెపోటు రాదని కాదు, వారిలో గుర్తించడం ఆలస్యమవుతుంది. నొప్పికి బదులు ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం ముందుకు రావచ్చు. నొప్పి కొందరిలో ‘అసాధారణంగా’ ఉంటుందన్న పాత మాటను వాడవద్దని 2021 అమెరికా మార్గదర్శకాలు సూచించాయి. ఆ ముద్ర పడిన రోగిని వైద్యులు తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది.

అపోహ: ఆక్సిజన్ పెడితే గుండెకు బలం.

రక్తంలో ఆక్సిజన్ తగినంత ఉన్నవారికి దీనివల్ల లాభం లేదు. స్వీడన్‌లో 6,629 మందితో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఆక్సిజన్ పెట్టినవారిలో ఏడాదిలోపు చనిపోయినవారు 5.0 శాతం, మామూలు గాలి పీల్చినవారిలో 5.1 శాతం. మాస్క్ పెట్టలేదని సిబ్బంది మీద కోప్పడేవారు ఈ అంకెలను గమనించాలి.

అపోహ: స్టంట్ వేయించుకుంటే ఇక గుండెపోటు రాదు, అది వేసే ఊరు చేరేదాకా ఏ వైద్యమూ మొదలుపెట్టకూడదు.

స్టెంట్‌ను మా వైపు అందరూ స్టంట్ అనే అంటారు; రక్తనాళం మూసుకుపోకుండా తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం అది. ఇందులో రెండు వేర్వేరు పరిస్థితులు కలిసిపోయాయి. నడిచినప్పుడు వచ్చి, ఆగితే తగ్గుతూ, చాలాకాలంగా ఒకే తీరుగా ఉన్న నొప్పికి ముందు మందులా, స్టెంటా అన్న ప్రశ్నకు 2,287 మందితో చేసిన కరేజ్ అధ్యయనం 2007లోనూ, 5,179 మందితో చేసిన ఇస్కీమియా అధ్యయనం 2020లోనూ సమాధానమిచ్చాయి. మంచి మందులు వాడుతున్నవారికి వెంటనే స్టెంట్ లేదా బైపాస్ చేసినా గుండెపోటు, మరణం మొత్తమ్మీద తగ్గలేదు. నొప్పి తగ్గడంలో మేలు ఉంటుంది, దానికోసం వేయించుకోవడమూ సబబే. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటులో పరిస్థితి వేరు. అక్కడ ప్రతి నిమిషానికీ కొంత కండరం చచ్చిపోతుంది, నాళాన్ని వెంటనే తెరవాలి.

ఆ తెరవడం ఎంత ఆలస్యంగా జరుగుతోందో 2008లో వెలువడిన క్రియేట్ అధ్యయనం చూపించింది. మన దేశంలోని 89 ఆసుపత్రుల్లో 20,937 మందిని పరిశీలిస్తే, సగం మంది నొప్పి మొదలైన 360 నిమిషాల తర్వాతే ఆసుపత్రి చేరారు. ఆసుపత్రిలో అడుగుపెట్టాక గడ్డ కరిగించే మందు పడడానికి మాత్రం సగం మందికి 50 నిమిషాల్లోపే పట్టింది. ఆలస్యంలో ఎక్కువ భాగం ఇంట్లో, దారిలో, ఆర్‌ఎంపీ దగ్గర జరుగుతోంది. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు. అలాంటి దూరాల కోసమే 2013లో స్ట్రీమ్ అధ్యయనం వచ్చింది. నొప్పి మొదలైన మూడు గంటల్లోపు వచ్చినా గంటలోపు యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన నాళాన్ని బెలూన్, స్టెంట్‌తో తెరిచే చికిత్స) అందే వీలు లేని 1,892 మందిలో సగం మందికి దగ్గర్లోనే గడ్డ కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత పెద్ద ఆసుపత్రికి పంపారు. ఫలితాలు నేరుగా యాంజియోప్లాస్టీ చేసినవారితో దాదాపు సమానంగా వచ్చాయి. మెదడులో రక్తస్రావం మాత్రం కొంత ఎక్కువైంది. అందువల్ల 75 ఏళ్లు దాటినవారికి మధ్యలోనే మోతాదు సగానికి తగ్గించారు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, అంటే బృహద్ధమని, చీలిపోవడం వల్ల వచ్చిన నొప్పికి ఇదే ఇంజెక్షన్ ప్రాణాంతకం. ఏదో ఒకటి త్వరగా వేసేయండని బతిమాలే కుటుంబానికి ఈ సంగతి నేను తప్పకుండా చెబుతాను. నొప్పి మొదలవగానే 108కి ఫోన్ చేయడం వల్ల ఈ నిర్ణయం తీసుకునే వ్యవధి మాకు దొరుకుతుంది.

అపోహ: పరిశోధనలో చేరితే మమ్మల్ని ఎలుకల్లా వాడుకుంటారు.

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను, దానికి కారణాలున్నాయి. నేను శిక్షణలో ఉన్నప్పుడు ఒకచోట, సంతకం పెట్టాల్సిన గీత దగ్గర వేలు చూపించి సంతకం చేయించుకోవడం చూశాను. ఒక్క వాక్యం కూడా చదివి వినిపించలేదు. ‘ఇది ఆపరేషన్ కాగితమా సార్’ అని ఆ రోగి భార్య నన్నడిగింది. ఆనాడు నోరు తెరవనందుకు ఈనాటికీ బాధపడుతున్నాను.

ఇప్పుడు 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు అమలులో ఉన్నాయి. మొదటి రోగిని చేర్చుకోకముందే అధ్యయనం వివరాలను సీటీఆర్‌ఐ అనే దేశ క్లినికల్ ట్రయల్స్ జాబితాలో అందరూ చూసేలా నమోదు చేయాలి. అనుమతించే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వారిలో వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు ఒకరు, న్యాయం తెలిసినవారు ఒకరు, కనీసం ఒక మహిళ తప్పనిసరి. పరిశోధన వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, పరిహారం ఇవ్వాలి. ఏ దశలోనైనా తప్పుకోవచ్చు. తప్పుకున్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు.

ఉత్తుత్తి మాత్ర ఇచ్చి వైద్యం లేకుండా వదిలేస్తారన్న అనుమానం కూడా తరచూ వింటాను. ఇప్పుడు గుండెపోటు మీద జరిగే అధ్యయనాల్లో నిరూపితమైన మందులు అందరికీ ఇస్తారు. వాటికి తోడుగా కొత్త మందో ఉత్తుత్తి మాత్రో కలుపుతారు. ఆ నిరూపితమైన మందులు కూడా ఇలాగే తేలాయి. 1988లో ప్రచురించిన ఐసిస్-2 అధ్యయనంలో 17,187 మంది పాల్గొన్నారు. గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండూ అందనివారిలో ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణాలతో 13.2 శాతం మంది చనిపోతే, రెండూ అందినవారిలో 8.0 శాతం మంది చనిపోయారు. ఇవాళ మన ఊళ్లో గుండెపోటు రోగి నమిలే ఆస్పిరిన్‌కు బలమైన ఆధారం అదే. కాస్ట్ అధ్యయనం దీనికి పూర్తిగా భిన్నమైనది. గుండెపోటు తర్వాత లయ తప్పిన గుండె స్పందనలను అణచే మందులు ప్రాణం కాపాడతాయని వైద్యులు గట్టిగా నమ్మి రాసేవారు. 1991లో పూర్తి లెక్కలు వచ్చేసరికి ఆ మందులు వాడిన 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర వాడిన 743 మందిలో 26 మంది చనిపోయారని తేలింది.

ఈమధ్య పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒకామెకు, రోగి అయిన ఆమె భర్త మంచం పక్కనే కూర్చొని సమ్మతి పత్రం చదివి వినిపించాను. వారిద్దరికీ చదువు రాదు కాబట్టి, మా బృందానికి సంబంధం లేని సాక్షిని కూడా కూర్చోబెట్టాం. ‘యాదృచ్ఛిక కేటాయింపు’ అన్న మాట దగ్గర ఆమె ఆపింది. ఊళ్లో చీటీలు వేసి వంతులు తేల్చుకున్నట్టేనమ్మా అని చెప్పాను. భర్తను అడిగి, కొడుకుకు ఫోన్ చేసి మాట్లాడి, ఆ తర్వాతే ఆయన చేత వేలిముద్ర వేయించింది. తనకు ఇవ్వాల్సిన ప్రతిని అడిగి తీసుకొని కొంగులో కట్టుకుంది. ముప్పయ్యో రోజున ఆరోగ్యం కనుక్కోవడానికి ఫోన్ చేస్తే, ‘మా ఆయనకు ఏ చీటీ వచ్చింది సార్’ అని అడిగింది. అధ్యయనం ముగిసి లెక్కలు తెరిచేదాకా నాకూ తెలియదని చెప్పాను. ‘ఏ మందు ఇచ్చిండేది మీకూ తెలీదా?’ అని కాసేపు ఆగి, తెలిసిన రోజు తప్పకుండా ఫోన్ చేయమంది. ఆ మాటను ఆమె భర్త నంబరు పక్కన రిజిస్టరులో రాసుకున్నాను.