మెరక చేస్తే నీళ్లు పోవు, వాటం ఇస్తే పోతాయి: ఇంటి చుట్టూ నీళ్ల గురించి అపోహలు, వాస్తవాలు

వానలు మొదలైన వారానికల్లా నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, ఇంకో రెండడుగులు మట్టి తోలిస్తే సరిపోతుందా?" అడిగేది విజయవాడ వాళ్లు కావచ్చు, తెనాలి వాళ్లు కావచ్చు, హైదరాబాద్ శివార్లలో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు కావచ్చు. ప్రశ్న మాత్రం అదే. పక్కింటాయనో, బావమరిదో, మట్టి తోలే ట్రాక్టర్ ఓనరో చెప్పి ఉంటారు. ట్రాక్టర్ ఓనరు మట్టి వద్దని ఎందుకంటాడు?

అపోహ: స్థలం మెరక చేస్తే ఇక నీళ్ల బాధ ఉండదు.

మిగతా అపోహలన్నీ కలిపినా దీనంత డబ్బు తినవు. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

200 గజాల స్థలం తీసుకోండి. ఒక రాత్రి 10 సెంటీమీటర్ల వాన పడితే ఆ స్థలం మీదే సుమారు 16,700 లీటర్ల నీళ్లు పడతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు నిండి ఇంకా మిగులుతాయి. రోడ్డు మీద నుంచి వచ్చే నీళ్లు కావివి, మీ డాబా మీద, మీ వాకిట్లో పడినవి. మెరక చేస్తే రోడ్డు నీళ్లు లోపలికి రాకుండా ఆగుతాయి, అంతవరకు నిజమే. మరి లోపల పడిన నీళ్ల సంగతేంటి? వాటికి గోడ నుంచి బయటికి వాటం, అంటే నేల వాలు కావాలి, ప్రహరీలో తూము కావాలి, ఆ తూము అవతల నీళ్లు పోయే చోటు ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా, మీరు లక్షలు పోసి మెరక చేసుకున్నది నీళ్ల తొట్టి.

ఇల్లు కట్టేశాక వాకిలి ఎత్తు పెంచితే ఇంకో చిక్కు. చుట్టూ ఉన్న నేల కంటే ప్లింత్, అంటే పునాది మీద ఇంటి నేల దాకా లేపే కట్టడం, కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. స్థలంలో నీళ్లు బాగా బయటికి పోయేలా ప్లింత్ ఉండాలనే మాట కూడా అక్కడే, ఆ కొలత కంటే ముందే ఉంది. దాన్ని ఎవరూ చదవరు. అడుగున్నర ప్లింత్ ఉన్న ఇంటి చుట్టూ రెండడుగులు మట్టి పోస్తే ప్లింత్ మట్టిలోకి పోయినట్టే. నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా ప్లింత్ మీద వేసే పొర, డీపీసీ, కింద ఉండిపోతుంది, తడి మట్టి నేరుగా దాని పైనున్న ఇటుక గోడకి ఆనుతుంది. ఆ తర్వాత హాల్లో చెమ్మ ఎక్కుతోందని పెయింటర్ని పిలుస్తారు.

అసలు దెబ్బ పునాది సందు దగ్గర పడుతుంది. పునాది తవ్వేటప్పుడు పని చేసుకోవడానికి గోడ పక్కన కాస్త ఎక్కువ తవ్వుతారు. పునాది పైకొచ్చాక ఆ సందులో తవ్విన మట్టే తోసేస్తారు. దాంతోపాటు ఇటుక ముక్కలు, ఖాళీ సిమెంటు సంచులు, కూలీలు తాగేసిన కొబ్బరిబొండాలు కూడా పోతాయి. దిమ్మిస కొట్టించేవాళ్లు తక్కువ. రెండు వానాకాలాలు గడిచేసరికి సరిగ్గా ఆ సందు మటుకే దిగుతుంది, దానికి అవతలి నేల గట్టిగా అలాగే ఉంటుంది. అంటే కట్టిన రోజు గేటు వైపు ఉన్న వాటం ఇంటి వైపుకి తిరిగిపోతుంది. పైన ఎంత ఖరీదైన పార్కింగ్ టైల్స్ పరిచినా అవీ దాంతోపాటే వాలతాయి.

మంగళగిరి దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారి ఇల్లు ఇలాగే అయింది. వీధిలో పాత రోడ్డు గీకకుండా దాని మీదే కొత్త రోడ్డు పోశారు. వాకిలి గుంట అయిపోయిందని మాస్టారు గ్రావెల్ తోలించి, పైన టైల్స్ వేయించారు. మరుసటి ఏడాదే వంటింటి గోడ ఉబ్బి, సున్నం పెచ్చులు రాలడం మొదలైంది. వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించారు, అదీ ఊడింది. చివరికి ఎవరో ఇంటిని జాకీలతో లేపించమన్నారట. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్కసారి చూడమని నాకు ఫోన్ చేశారు.

వెళ్లి, వంటింటి గోడకి నాలుగడుగుల దూరంలో బకెట్ నీళ్లు కుమ్మరించాను. గేటు వైపు పోవాల్సిన నీళ్లు వెనక్కి తిరిగి గోడ మూలకి చేరాయి. టైలుకీ గోడకీ మధ్య వేలు పట్టేంత సందుంది. అక్కడ బుడబుడమని బుడగలు లేచాయి, కాసేపటికి నీళ్లన్నీ లోపలికి ఇంకిపోయాయి. మాస్టారి భార్య గుమ్మంలో నిలబడి, "వాకిలి కడిగినప్పుడల్లా అక్కడే నిలుస్తాయి బాబూ, చీపురుతో నేనే అటు నెడుతుంటాను" అన్నారు. జబ్బేంటో ఆవిడకి ఎప్పుడో తెలుసు. ఆవిణ్ని ఎవరూ అడగలేదు, అంతే.

గోడ వెంబడి నాలుగడుగుల వెడల్పున టైల్స్ తీయించాం. సందులోని చెత్త మట్టి తోడించి, గ్రావెల్ ఆరేసి అంగుళాల వరసలుగా వేసి, తడిపి, ఒక్కో వరసకీ దిమ్మిస కొట్టించాం. పైన బయటికి వాటం ఇస్తూ గోడ వెంబడి కాంక్రీటు పట్టీ (ఏప్రాన్) పోయించాం. డాబా పైపు అప్పటిదాకా గోడ మొదట్లోనే దిగి ఉంది, దాన్ని ప్రహరీ దాకా పొడిగించాం. తూములు తెరిచాం. గోడ ఆరడానికి వేసవి దాకా ఆగమని చెప్పి, ఆ తర్వాతే రంగు వేయించాం. జాకీల ఖర్చులో ఇది ఏ మూలకీ రాదు.

అందరికీ జాకీలు వద్దని కాదు. రోడ్డు ప్లింత్ కంటే పైకి వచ్చేసి, సైడు కాలువ అడుగు మీ వాకిలి కంటే ఎత్తులో ఉంటే మరో దారి లేకపోవచ్చు. ముందు కొలవండి, ఆ తర్వాతే బేరం.

కొలవడానికి ఇంజినీరు అక్కర్లేదు. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. సన్నటి పారదర్శక ప్లాస్టిక్ పైపులో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపండి. ఒక కొస గోడ దగ్గర, రెండోది గేటు దగ్గర పట్టుకోండి. రెండు చోట్లా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. నేల నుంచి ఆ నీటి గీత దాకా టేపుతో కొలవండి. గోడ దగ్గర కంటే గేటు దగ్గర కొలత ఎక్కువ రావాలి. తక్కువ వచ్చిందంటే నీళ్లు మీ ఇంటి వైపు నడుస్తున్నట్టే. మట్టి వాకిలైతే గోడ నుంచి మొదటి పదడుగుల్లో ఆరంగుళాలు దిగాలి. గోడకీ ప్రహరీకీ మధ్య వదిలిన ఖాళీ (సెట్‌బ్యాక్) నాలుగడుగులే ఉంటే రెండున్నర అంగుళాలు. టైల్స్, కాంక్రీటు మీదైతే అడుగుకి పావు అంగుళం చాలు.

కృష్ణా, గుంటూరు నల్లరేగడిలో ఇది మరీ ముఖ్యం. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇంటికి ఒక పక్క నీళ్లు నిలిచి ఇంకో పక్క పొడిగా ఉంటే, ఒక పక్క లేచి ఇంకో పక్క దిగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు వచ్చేది చాలాసార్లు ఇందుకే. బీట కనపడగానే ఇల్లు కూలిపోతుందని నిద్ర మానుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. టెన్షన్ పడకండి. బీట రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి, వెడల్పు కూడా రాసి పెట్టుకోండి. ఎండాకాలం తెరుచుకుని వానాకాలం మూసుకుంటుంటే అది నేల కదలిక. ముందు నీళ్ల దారి సరిచేయండి. అదే పనిగా పెరుగుతూ పోతున్నా, తలుపులు పట్టేస్తున్నా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి, ఆలస్యం వద్దు.

అపోహ: ఏం జరిగినా నీళ్లు ఈశాన్యానికే పోవాలి.

వాస్తు మీద వాదన పెట్టుకోను. ఇల్లు మీది, నమ్మకం మీది. కానీ ఒక్కటి చూడండి. పల్లం ఈశాన్యంలో పెడతారు, తాగేనీళ్ల సంపూ ఈశాన్యంలోనే కడతారు, దాని మూత నేలకి సమానంగా వేస్తారు. వాకిలి మురికంతా ఎక్కడికి పోతుందో మీరే చెప్పండి. సంపు అంచు చుట్టుపక్కల నేల కంటే కనీసం తొమ్మిదంగుళాలు పైకి లేపించండి. వీధి కాలువ దక్షిణాన ఉంటే, నీళ్లను ఈశాన్యానికే రానిచ్చి, అక్కడొక చిన్న చాంబర్ కట్టి, ప్రహరీ వెంబడి పైపు వేసి దక్షిణానికి తీసుకెళ్లొచ్చు. దారి పొడవునా పైపుకి వాటం దొరకాలి కాబట్టి ఈ లెక్క ప్లింత్ వేయకముందే తేల్చుకోవాలి. ఇలా చేస్తే సిద్ధాంతిగారూ కాదనరు. నేను మాట్లాడిన వాళ్లెవరూ కాదనలేదు.

మిగతావి గబగబా:

"వాకిలంతా సిమెంటు చేస్తే శుభ్రం." శుభ్రమే, కానీ ఇంకాల్సిన నీళ్లు కూడా పైనే పారతాయి. వాటం తప్పితే మట్టి నేల కంటే ఎక్కువ ఇబ్బంది.

"ఇంకుడు గుంత ఉంది కదా, తూములెందుకు?" ఇంకుడు గుంత భూగర్భ జలం కోసం, తప్పకుండా తవ్వుకోండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం వచ్చినప్పటి నుంచి చెబుతున్నదే. కానీ కుండపోత వానను అదొక్కటే మింగలేదు. నల్లరేగడిలో ఇంకేది మరీ తక్కువ. పొంగితే బయటికి పోయే పైపు ఉండాలి, పునాదికి ఆనించి తవ్వకూడదు.

"డాబా నీళ్లు డ్రైనేజీ లైన్లో కలిపేస్తే సరి." అందరూ అదే చేస్తే ఆ లైను నిండి, నీళ్లు మీ బాత్రూంలోకే తన్నుకొస్తాయి. వాన పడుతుంటే మ్యాన్‌హోల్ మూత తీయడం ఇంకా ఘోరం, మనుషులు పోతున్నారు.

"నా స్థలం నా ఇష్టం, పక్కవాళ్ల సంగతి నాకెందుకు?" పై నేల మీద పడ్డ వాన కింది నేల మీదుగా సహజంగా పారే హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం గుర్తిస్తుంది. సహజంగా అనే మాట చూసుకోండి. మట్టి తోలించి, పైపు పెట్టి పక్కింటి గోడ మీదికి వదలడం అందులోకి రాదు. ఈ ఏడాది మీరు మెరక చేస్తే వచ్చే ఏడాది ఆయన మీకంటే అడుగు ఎక్కువ చేస్తాడు. తగవు ఇద్దరిదీ, లాభం ట్రాక్టర్ ఓనరుది.

చివరిగా: వాటం సరిగ్గా ఉంటే ఎంత వరదొచ్చినా భయం లేదా?

ఈ మాట నేను ఎప్పుడూ అనను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌ని ముంచినప్పుడు ఏ ఇంటి వాటమూ ఆపలేకపోయింది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీల్లోనూ అంతే. చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు), వాగు పక్కనో ఉన్న స్థలానికి వాకిలి వాటంతో పరిష్కారం లేదు. కొనే ముందే రెవెన్యూ, ఇరిగేషన్ మ్యాపులు చూసుకోవాలి. ఇప్పటికే అక్కడ ఉంటున్నవాళ్లు మీటరు, మోటారు స్టార్టరు, ఇన్వర్టరు ఛాతీ ఎత్తు కంటే పైకి మార్పించుకోండి. నీళ్లు గేటు దాటుతున్నాయనగానే మెయిన్ ఆఫ్ చేయండి. వరద తీశాక సంపు పూర్తిగా తోడి, కడిగి, బ్లీచింగ్ వేసి, ఆ నీళ్లూ పారబోశాకే మళ్లీ నింపండి.